చలికి పెరిగిన పొట్ట

"గా మూట ముట్టకు," అంది ముత్తెమ్మ.

జ్యోతిలక్ష్మి చాచిన చెయ్యి చాచినట్టే ఆగింది. దేవుడి అర్ర గడపకు ఇవతల కోడలు, అవతల అత్త, ఇద్దరి నడుమ పీట మీద ఒడిబియ్యం మూట. వేల్పూర్‌లో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలూ వేసి, కొత్త చీర కొంగులో పోసి, నడుముకు కట్టి పంపిన మూట అది. అత్తింటికి తెచ్చిన నాలుగైదు రోజుల్లో ఆ బియ్యం వండి, వాడకట్టు ఆడవాళ్లను పిలిచి అన్నం పెట్టాలి. పోయిన శుక్రవారం వచ్చిన మూట. ఈ శుక్రవారం తెల్లారినా పీట దిగలేదు.

"ముట్టకుంటె ఎట్ల వండాలె అత్తమ్మా?"

"వండేది లేదు."

"ఎందుకు లేదు?"

"ఎందుకో నీ కడుపునే అడుగు."

ఇంత సూటిగా మాట రావడం ఇదే మొదలు. వారం నుంచీ ముత్తెమ్మ గిన్నెలతో మాట్లాడింది, చీపురుతో మాట్లాడింది, గోడ మీది పిల్లితో కూడా మాట్లాడింది. కోడలితో మాత్రం మాట్లాడలేదు. ఇవాళ నోరు తెరిచింది, అదే నయం అనుకుంది జ్యోతి.

అసలు సంగతి వేల్పూర్‌లో మొదలైంది. ఒడి కట్టేటప్పుడు వదిన భాగ్యలక్ష్మి చెయ్యి జ్యోతి బొడ్డు కింద గట్టిగా, ఎత్తుగా ఉన్న చోట తగిలింది. భాగ్యలక్ష్మి అరవలేదు, అడగలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, తర్వాత మొగుడు భూమేష్ చెవిలో వేసింది. ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పింది. ఎవరికీ చెప్పొద్దన్న మాటకు బస్సు కన్నా వేగం ఎక్కువ. జ్యోతి ఆర్మూర్‌లో దిగేసరికే ఆ మాట ముందుగా వచ్చి అత్తగారి పక్కన మంచమెక్కి కూర్చుంది.

మల్లేష్ మస్కట్ పోయాక ఇది రెండో పసుపు పంట. మొగుడు అక్కడ, పొట్ట ఇక్కడ. లోకానికి ఏ లెక్కా రాకపోయినా ఈ ఒక్క లెక్క ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

"దవాఖానకు నడువు," అంది ముత్తెమ్మ. "డాక్టరమ్మ సూసి ఏం లేదంటె, నా చేతులతోని నేనే వండి అందర్ని పిలుస్త."

"రాను."

"తప్పు లేనోళ్లకు భయమెందుకు?"

"రాను అన్న అత్తమ్మా. భయమైతున్నది అన్లె."

"నిప్పు లేంది పొగ రాదు."

"పసుపు ఉడకవెట్టంగ లేచేది గూడ దూరం కెళ్లి పొగ లెక్కనే కనవడ్తది. దగ్గరికి పోతె ఆవిరి. నీకు నేను జెప్పాల్నా?"

ముత్తెమ్మ బుద్ధెరిగినప్పటి నుంచీ పసుపు ఉడకబెట్టిన మనిషి. జవాబు లేనప్పుడు ఆమె గొంతు పెరుగుతుంది.

"గోడ అవతలి దాక ఇనవడనీ. నాకేం సిగ్గు? సిగ్గుపడాల్సినోళ్లే పడ్తలేరు."

వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గర మామ భూమయ్య చేతులు కడుక్కుంటున్నాడు. కల్లంలో ఎండబోసిన పసుపుకు కావలి పడుకుని అప్పుడే వచ్చాడు. ఆ చేతుల పచ్చదనం ఎంత కడిగినా పోయేది కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా కడుగుతూనే ఉన్నాడు. జ్యోతి ఆయన వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి బిడ్డా అని తప్ప పిలవని మనిషి. అత్త అన్న మాటల కన్నా మామ అనని మాట జ్యోతికి ఎక్కువ నొప్పి పెట్టింది.

నిజం చెప్పడానికి ఆమెకు భయం లేదు, సిగ్గు ఉంది. అది వేరే సిగ్గు.

బతుకమ్మకు కొత్త చీర కట్టుకుని మల్లేష్‌కు వీడియో కాల్ చేసింది. "ఏందే, పసుపు బస్తా లెక్క అయినవ్," అన్నాడు మల్లేష్. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు ఒక్కడిది కాదు, రూములో ఉన్న వాళ్లంతా నవ్వారు. జ్యోతి ఇంటి ముందర గదిలో బ్లౌజులు కుడుతుంది. వాడకట్టులో ఎవరి ఒళ్లు ఎంత పెరిగిందో ఆమె టేపుకు తెలిసినంతగా వాళ్ల మొగుళ్లకు తెలియదు. ఏనాడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ రోజు తన నడుముకు తనే టేపు చుట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాతే ఫోనులో ఒక ప్రకటన కనబడింది. కొయ్యడం లేదు, కుట్టడం లేదు, చలితోనే కొవ్వు తీసేస్తామన్నారు. బ్లౌజుల డబ్బులు పట్టుకుని, దారాలు కొనాలని చెప్పి నిజామాబాద్ పోయింది.

"కడుపు గాదు అత్తమ్మా," అంది జ్యోతి. "కొవ్వు."

"కొవ్వేనని నాకు ఎప్పుడో ఎరికే."

"నేను జెప్పేది ఇను. నిజామాబాద్‌ల ఒక క్లినిక్‌ల సల్ల మిషన్ పెట్టిచ్చుకున్న. గిన్నె లెక్క ఉంటది. పొట్ట మీద పెడ్తె కండను లోపలికి గుంజుకుంటది. మంచు లెక్క సల్లగయితది. ముందు మంట లేస్తది, ఎన్కసిరి మొద్దుబారుతది. కొవ్వు గడ్డకట్టి సచ్చి, మెల్లమెల్లగ ఒంట్లకెళ్లి పోతదని జెప్పిండ్రు. నాకు ఉల్టా అయింది. పోవుడు పోయి, గిన్నె పెట్టిన కాడ గట్టిగ పెరిగింది."

ముత్తెమ్మ కాసేపు కోడలి ముఖంలోకి చూసింది.

"ఫ్రిజ్జుల పండుకున్నవా?"

"ఫ్రిజ్జు గాదు అత్తమ్మా."

"నెయ్యి ఎండకు కరుగుతదా, సల్లకు కరుగుతదా?"

జ్యోతి పీట మీది మూట వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్న."

"ఎండకు."

"సల్లకు ఏమైతది?"

"గడ్డ కడ్తది."

"మరి? అబద్ధమాడితె గోడ గట్టినట్టుండాలె. గిదేం గోడనే, కాలు దగిల్తె కూలేటట్టున్నది."

ఆ కోపంలోనూ జ్యోతికి నవ్వొచ్చింది. తన పొట్టలో జరిగింది సరిగ్గా అత్త చెప్పిందే మరి. కానీ ఆ పెదవి మీది నవ్వు ముత్తెమ్మ కంట పడింది. పడకూడని సమయంలో పడింది.

"నవ్వుతున్నవా? నవ్వు. ఇను ఇగ. పొద్దుగూకే లోపల దవాఖానకు రా. లేకుంటె బట్టలు సదురుకొని వేల్పూర్ పో. ప్రియ ఈడనే ఉంటది. పిల్ల మా ఇంటి పిల్ల."

"ప్రియ నా పిల్ల."

"పంచాయితిల జెప్పు గామాట. లచ్చన్నను తోల్కొస్త."

ముత్తెమ్మ చెప్పులేసుకుని కులపెద్ద ఇంటి వైపు నడిచింది. భూమయ్య చేతులు కడుక్కోవడం ఆపి, తడి చేతులతోనే అరుగు మీద కూర్చున్నాడు.

జ్యోతి ముందర గదిలోకి వచ్చి కుట్టు మిషన్ ముందు కూలబడింది. నిన్న బడి నుంచి వచ్చిన ప్రియ సంచీ కింద పెట్టకుండానే అడిగింది, "మమ్మీ, నాకు తమ్ముడు వస్తుండా?" అని. ఎవరన్నారంటే చెప్పలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా జ్యోతికి కళ్లలో నీళ్లు కాదు, ఒంట్లో మంట లేస్తోంది.

*

డ్యూటీకి పోతూ రూత్ వచ్చింది. ఆర్మూర్‌లోనే ఒక నర్సింగ్ హోంలో నర్సు. జ్యోతితో పాటు పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి. ఈ ఊళ్లో సల్ల మిషన్ సంగతి ముందే తెలిసింది ఆమె ఒక్కదానికే.

తలుపు దగ్గరికి వేసి, జ్యోతి పొట్ట మీద వేళ్లు పెట్టి చూసింది. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా మెల్లగా నొక్కింది.

"నొప్పున్నదా?"

"లేదు. అసలు నాది గానట్టే ఉంటది."

"మా డాక్టరమ్మను అడిగిన. నీ పేరు జెప్పలె." రూత్ చీర సర్ది పక్కన కూర్చుంది. "వేల మందిల ఒక్కలకు గిట్ల ఉల్టా అయితదట. తగ్గాల్సింది పెరుగుతదట. దానంతటది పోదు. ఆపరేషన్ జేసి తియ్యాలె."

జ్యోతి కొంగు పొట్ట మీదికి లాక్కుంది. కత్తి అంటే భయపడే కదా చలి దగ్గరికి పోయింది. క్లినిక్ వాళ్లు మొదట్లో అక్కా అక్కా అన్నారు, వాపు తగ్గుతుందిలే అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు.

"వేల మందిల నేనే దొరికిన్నా దానికి?"

"ఇయ్యాలనే స్కాన్ తీద్దాం రా," అంది రూత్. "రెండు పనులైతయి. నీ ఒంటికేమైందో ఎరుకైతది. వీళ్ల నోర్లు మూతవడ్తయి."

"మొదటి పనికి వస్త. సోమారం వస్త. రెండో పనికి రాను."

"స్కాన్ ఒక్కటేనే."

"ఒక్కటే గాదు రూత్. నాకు దెబ్బ దాకితె దవాఖానకు పోవుడు వేరు, దొంగను వట్టుకపోయినట్టు గుంజుకపోవుడు వేరు."

"పోలీసుల కాడికి పొమ్మంటలేరు గద."

"గంతకంటె ఎక్కువనే. ఇయ్యాల పోయి సూపిచ్చిన అనుకో. ఏం లేదని తెలుస్తది. అత్తమ్మ అన్నం వండుతది. ఎల్లుండి నేను జర నవ్వుకుంట ఫోన్ మాట్లాడితె మల్ల నడువు అంటది. ఒక్కసారి నా ఒళ్లు వీళ్ల చేతిల పెడ్తె ఇగ అది వీళ్లదే."

రూత్‌కు కోపం వచ్చింది. స్నేహితురాలి కోపం, దాచుకునేది కాదు.

"మాటలు మంచిగనే ఉన్నయి. పిల్లను గుంజుకుంటమంటున్నరు. నీ అన్న గూడ వాళ్ల దిక్కే ఉన్నడు. పంతానికి పోయి ఇల్లు కూల్చుకుంటవా? గా ప్రియ మొఖం సూసినవా?"

"దాని మొఖం సూసే అంటున్న. రేపు అది గూడ ఎవని ఇంట్లనో ఉంటది. వాళ్లమ్మ తల వంచి పరీక్షకు పోయిందని దానికి ఎరుకుంటె, అది గూడ పోతది."

"లోకుల నోళ్లకు మూకుళ్లు ఉండయి జ్యోతి."

"ఉండకపోనీ. తెరుసుకొనే ఉండనీ. ఆకలైతె అన్నం పెడ్త."

అన్నాక తన మాట తనకే వినబడినట్టయి జ్యోతి లేచి నిలబడింది. ఆ ముఖం చూసి రూత్ అడిగింది, "ఏం జేస్తున్నవే?"

"అన్నం వండుతున్న."

*

దేవుడి అర్రలోకి పోయి ఒడిబియ్యం మూట ఎత్తుకుంది. వంటింట్లో విప్పింది. కుడుకలు, ఖర్జూరాలు పక్కకు తీసి, పచ్చటి బియ్యం పెద్ద గిన్నెలో పోసి కడిగి పొయ్యి మీద పెట్టింది. పప్పు వేసింది, వంకాయ కోసింది. పాయసానికి పాలు పెట్టింది. రూత్ నర్సింగ్ హోంకు ఫోన్ చేసి రావడం ఆలస్యమవుతుందని చెప్పి, కొంగు దోపి ఉల్లిగడ్డలు ముందేసుకుంది. అరుగు మీద భూమయ్య కదలలేదు, వద్దనలేదు.

అన్నం దించాక జ్యోతి చీర మార్చుకుంది. ఇన్నాళ్లూ కుచ్చిళ్లు పైకి దోపి, కొంగు అడ్డం లాక్కుని పొట్ట దాచింది. ఇవాళ దాచలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన చీరే కట్టి, ఉబ్బిన చోటు కింద నుంచి గట్టిగా కుచ్చిళ్లు దోపింది. కుంకుమ భరిణ చేత పట్టుకుని వాడకట్టులోకి నడిచింది.

ఎండ నడినెత్తికి వస్తోంది. గడప గడపకూ ఆగింది. బొట్టు పెట్టింది.

"ఒడిబియ్యం అన్నం వండిన అక్కా. భోజనానికి రాండ్రి."

బొట్టు పెట్టించుకోవడానికి వంచిన తలలు పైకి లేచేటప్పుడు ఒక్క క్షణం ఆమె పొట్ట దగ్గర ఆగుతున్నాయి. ఆగనిచ్చింది. మూడో ఇంటావిడ అడగనే అడిగింది.

"మీ అత్తమ్మ పిలువుమన్నదా?"

"నేను పిలుస్తున్న."

"మంచిగనే ఉన్నవా మరి?"

"మంచిగనే ఉన్న. సూస్తనే ఉన్నవు గద."

ఆవిడ చూపు తిప్పేసుకుంది. వస్తామని అందరూ అన్నారు. వచ్చేవాళ్ల మాటల్లా లేవు అవి, పోయే మనిషిని తొందరగా పంపే మాటలు.

ఇంటికి తిరిగొచ్చి ఇస్తార్లు పరిచింది. ఎవరూ రాలేదు. గోడ అవతల అడుగుల చప్పుడైతే చెవులు రిక్కించింది, అవి ముందుకు పోయాయి. పాయసం మీద మీగడ కట్టింది. జ్యోతి ఆ మీగడ గరిటెతో పక్కకు తీసింది. ఇంతమందికి బ్లౌజులు కుట్టింది, పండుగల ముందు భోజనం మానేసి మరీ కుట్టింది. ఒక్కరికి కూడా తన ఇంట్లో ముద్ద తినాలనిపించలేదు.

"నాకు బొట్టు పెట్టవా?" అంది రూత్.

"నువ్వు పెట్టుకోవు గద."

"బొట్టు వద్దు గని అన్నమైతె తింట. పెట్టు."

రూత్ మొదటి ఇస్తారు ముందు కూర్చుంది. జ్యోతి వడ్డించబోతుంటే వెనక అలికిడయింది. భూమయ్య. తలపాగా తీసి భుజం మీద వేసుకుని, ఏమీ అనకుండా రెండో ఇస్తారు ముందు చతికిలబడ్డాడు.

జ్యోతి గరిటె గిన్నెలోనే ఆపింది.

"మామా, అత్తమ్మ కోపం జేస్తది."

"జెయ్యనీ," అన్నాడు భూమయ్య. "పొద్దటి సంది ఏం తినలె. పెట్టు బిడ్డా."

పచ్చటి అన్నం మీద పప్పు పోసింది. ఆయన పచ్చటి చేత్తో కలుపుకుని తిన్నాడు. వారం నుంచీ బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది జ్యోతికి. కొంగుతో తుడుచుకుని వంకాయ కూర వడ్డించింది.

*

ముత్తెమ్మ వచ్చేసరికి మొగుడు పాయసం తాగుతున్నాడు.

ఆమె వెనక కులపెద్ద లచ్చన్న, ఆయన వెనక వేల్పూర్ నుంచి వచ్చిన జ్యోతి అన్న భూమేష్. అన్నకు కబురు ఎప్పుడు పోయిందో గానీ చెల్లెలి ముఖం చూడకుండా వచ్చి గోడకు ఆనుకున్నాడు. ముత్తెమ్మ ఇస్తార్లను చూసింది, గిన్నె చూసింది, మొగుణ్ని చూసింది.

"నువ్వు తిన్నవా?" అంది.

"తిన్న."

"గంత ఆకలైందా?"

"అయింది."

ముప్పై చిల్లర ఏళ్ల కాపురంలో భూమయ్య ఇంత ఎదురు చెప్పింది లేదు. ముత్తెమ్మ అక్కడే నిలబడిపోయింది.

లచ్చన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఏనాడూ గొంతు పెంచడు, పెంచాల్సిన అవసరం ఆయనకు రాదు.

"నిన్ను ఎవ్వలు ఏమంటలేరు బిడ్డ," అన్నాడు. "మా బిడ్డవే నువ్వు. నీ మీద పడ్డ మాటను కడుక్కోమంటున్నం. గంతే గద."

"మాట వేసినోళ్లు కడగాలె గద లచ్చన్న మామా. పడ్డోళ్లు కడుగుడేంది?"

"లోకం తీరు గట్లున్నది."

"చెల్లె," అన్నాడు భూమేష్ నేల వైపు చూస్తూ. "ఒక్కసారి పోయొద్దాం. నేను గూడ వస్త. వాడకట్టుల తల ఎత్తుకోలేకపోతున్నం."

"అన్నా, నువ్వు నన్ను అడిగినవా? వదినె జెప్పినప్పుడు, బండెక్కి ఈడికొచ్చి, ఏమైంది చెల్లె అని ఒక్కసారన్న అడిగినవా?"

భూమేష్ కాలి బొటనవేలితో నేలను రాశాడు.

"నా మాట ఎవ్వలు ఇంటలేరు," అంది ముత్తెమ్మ. "వాని మాట ఇంటదేమో సూద్దాం. మల్లేష్‌కు ఫోన్ కొట్టు లచ్చన్నా."

శుక్రవారం, మస్కట్‌లో సెలవు. రెండో రింగుకే మల్లేష్ ఎత్తాడు. వెనక అంచెలంచెల మంచాలు, ఆరేసిన చొక్కాలు. గడ్డం పెరిగి ఉంది. సంగతి అతనికి కొత్త కాదు, వారం నుంచీ తల్లి చెవిలో పోస్తూనే ఉంది. జ్యోతి ఫోన్ చేసినప్పుడల్లా మాత్రం డ్యూటీ ఉందని పెట్టేశాడు.

లచ్చన్న ఫోన్ జ్యోతి చేతికిచ్చాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"మిషన్ సంగతి నీకు రాసి పంపిన," అంది జ్యోతి. "సదివినవా?"

"సదివిన."

"నమ్మినవా?"

"నమ్మిన జ్యోతి. నేను నమ్ముత." మల్లేష్ ముక్కు రుద్దుకున్నాడు. "గని అవ్వ గూడ తప్పు మాట్లాడ్తలేదు. వాడకట్టుల ఎంత బద్నామైతున్నం. ఒక్కసారి పోయి సూపిచ్చుకో. నీదేం పోతది?"

"నమ్మితె సూపిచ్చుకునుడెందుకు?"

"నా కోసం గాదు. వాళ్ల కోసం."

"అయితె వాళ్లకు జెప్పు. అందరు ఈడనే ఉన్నరు, ఇంటున్నరు. నా పెండ్లాం మీద నాకు నమ్మకమున్నది, ఎవ్వలు ఏడికి తోల్కపోవద్దు అని జెప్పు. గా ఒక్క మాట జెప్పు, నాకు సాలు."

అవతల ఎవరో మంచం దిగిన చప్పుడైంది. మల్లేష్ ఫోన్ పట్టుకుని రూము బయటికి నడిచాడు. ఎండ వెలుతురుకు తెర తెల్లబడి మళ్లీ సర్దుకుంది.

"చిన్న పరీక్షకు గింత లొల్లేందే?" అన్నాడు. "పది నిమిషాల పని. తప్పు లేనోళ్లు దేనికన్న తయారుండాలె."

పొద్దున అత్త అన్నదీ ఆ మాటే. అత్త అంటే కోపం వచ్చింది. మల్లేష్ అంటే జ్యోతికి లోపలంతా చల్లబడిపోయింది. పసుపు బస్తా అని ఇతను నవ్వినందుకే కదా, ఆ గిన్నె కింద కళ్లు మూసుకుని పడుకుంది. ఇతని కళ్లకు నచ్చాలని తన ఒంటిని తనే పాడు చేసుకుంది. ఏడుపు రాలేదు. చాలా రోజుల తర్వాత తల తేటగా అయింది.

"సరె," అంది. "పోత."

ముత్తెమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. లచ్చన్న తల ఊపాడు. తలుపు దగ్గర నిలబడ్డ రూత్ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇయ్యాలనే పోత. రూత్ ఉన్నది, స్కాన్ గూడ తీపిచ్చుకుంట. కాయితం తెచ్చి లచ్చన్న మామ చేతిల పెడ్త. నువ్వు గూడ ఇయ్యాలనే పో."

"నేనేడికి?"

"ఆడ దవాఖానకు. రక్తం ఇయ్యి. నువ్వు పోయినంక ఎవ్వలి దగ్గరికి పోలేదని, ఏ రోగం అంటలేదని రాపిచ్చి పంపు. రెండు కాయితాలు ఒక్క కాడ పెడ్దాం. వాడకట్టంత సూడనీ."

"మొగోనికి పరీక్షేందమ్మా?" అన్నాడు లచ్చన్న. ఈసారి గొంతు కొంచెం పెరిగింది.

"మొగోనికి గూడ రక్తముంటది గద మామా. నేను రెండు పంటల సంది ఒక్కదాన్నే ఉన్న. ఆయన గూడ ఒక్కడే ఉన్నడు. నా ఒళ్లు ఎవలన్న తడిమి సూడొచ్చు, ఆయన ఒళ్లు అడగనే అడగొద్దా?" జ్యోతి ఫోను వైపు తిరిగింది. "నేను కోపంతోని అంటలేను. నువ్వు జెప్పిన మాటే. పది నిమిషాల పని. తప్పు లేనోళ్లు దేనికన్న తయారుండాలె. పోత అని జెప్పు, చెప్పులేసుకుంట."

మల్లేష్ నవ్వుతాడని అందరూ ఎదురు చూశారు. దేన్నయినా నవ్వులో పెట్టేసే మనిషి. ఊళ్లో ఉన్నప్పుడు చావు ఇంట్లో కూడా నలుగురిని నవ్వించి వచ్చేవాడు.

మల్లేష్ నవ్వలేదు.

"పిస్సదానవా?" అని తిట్టలేదు. పోత అనీ అనలేదు, పోను అనీ అనలేదు. ఫోన్ కట్ అయిందేమోనని జ్యోతి తెర వైపు చూసింది. కట్ కాలేదు. అతని కళ్లు పక్కకు పోయి ఎక్కడో ఆగాయి. భూమేష్ మొదటిసారి తల ఎత్తాడు. లచ్చన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ముత్తెమ్మ వచ్చి కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కొడుకు ముఖాన్ని తన ముఖానికి దగ్గరగా పట్టుకుని చూసింది. ఆ ముఖాన్ని ఆమె చిన్నప్పటి నుంచీ చదివింది. ఎప్పుడు ఆకలేసిందో, ఎప్పుడు జ్వరమొచ్చిందో, ఎప్పుడు అబద్ధమాడాడో అంతా ఆమెకు తెలుసు.

"ఏంది బిడ్డా?" అంది. "అడుగుతున్నది గద. పోత అని జెప్పు."

"అవ్వా," అన్నాడు మల్లేష్. "నువ్వు జర పక్కకు పో. నేను జ్యోతితోని ఒక్కదానితోనే మాట్లాడాలె."

ముత్తెమ్మ పక్కకు పోలేదు.